అమెరికా అధ్యక్షుడు కావాలంటే సైన్యంలో పనిచేసి ఉండాలా?

ప్రశ్న: "గ్రూప్స్‌కి చదువుతున్నాను. అమెరికా అధ్యక్షుడు సర్వసైన్యాధ్యక్షుడు కూడా కదా. అయితే ఆయన సైన్యంలో పనిచేసి ఉండాలన్న రూలేమైనా ఉందా? ఇప్పటిదాకా ఎంతమంది పనిచేశారు? పనిచేసినవాళ్ళు మిగతావాళ్ళకంటే మెరుగ్గా పాలించారా? సైన్యం గడప తొక్కనివాళ్ళు కూడా హెలికాప్టర్ దిగేటప్పుడు సెల్యూట్ ఎందుకు కొడతారు?"

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు హిస్టరీ చెప్పి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు కాబట్టి ఈ విషయానికి సంబంధించిన చోట్లు కొన్ని కళ్ళారా చూశాను కూడా. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రూలేమీ లేదు. అమెరికా రాజ్యాంగం రెండో అధికరణం అధ్యక్షుడికి పెట్టిన అర్హతలు మూడే. పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్ళు నిండాలి, 14 ఏళ్ళు ఆ దేశంలో నివసించి ఉండాలి. అదే అధికరణం రెండో సెక్షన్ ఆయన్ని కమాండర్ ఇన్ చీఫ్ అంటుంది. తుపాకీ పట్టిన అనుభవం గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. అది మరచిపోయి వదిలేసిన ఖాళీ అనుకోకండి. ఇంగ్లండ్ రాజు సైన్యంతో ఎనిమిదేళ్ళు తలపడినవాళ్ళు రాసుకున్న రాజ్యాంగం అది. సైన్యం పగ్గాలు ఎన్నికైన పౌరుడి చేతిలో ఉండాలనే పట్టుదల వాళ్ళది. యుద్ధం గెలిచిన జార్జ్ వాషింగ్టన్ 1783 డిసెంబర్ 23న అనాపొలిస్‌లో కాంగ్రెస్ ముందు నిలబడి, తన సేనాధిపతి నియామక పత్రాన్ని తిరిగి ఇచ్చేసి ఇంటికెళ్ళిపోయాడు. అధ్యక్షుడైంది ఐదేళ్ళ పైచిలుకు తరవాత. ఐసన్‌హోవర్ కూడా 1952లో పోటీకి దిగినప్పుడు సైన్యానికి రాజీనామా ఇచ్చాడు. మన రాష్ట్రపతి కూడా 53వ అధికరణం ప్రకారం త్రివిధ దళాలకు అధిపతే. కాకపోతే మన దగ్గర మంత్రివర్గం సలహా లేనిదే ఏదీ కదలదు. అక్కడ చివరి మాట నిజంగానే ఆ ఒక్క మనిషిది.

ఇక లెక్క. ట్రంప్ 47వ అధ్యక్షుడే గాని, ఆయనా గ్రోవర్ క్లీవ్‌లాండూ విడివిడిగా రెండేసిసార్లు చేశారు కాబట్టి మనుషులు 45 మందే. అందులో ఏ రకమైన సైనిక సేవా లేనివాళ్ళు 14 మంది: జాన్ ఆడమ్స్, ఆయన కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్, వాన్ బ్యూరెన్, క్లీవ్‌లాండ్, టాఫ్ట్, విల్సన్, హార్డింగ్, కూలిడ్జ్, హూవర్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, క్లింటన్, ఒబామా, ట్రంప్, బైడెన్. మిగిలిన 31 మందీ ఏదో ఒక రూపంలో యూనిఫాం వేసినవాళ్ళే.

పరీక్షలో 31 అని రాసే ముందు ఆ "ఏదో ఒక రూపంలో" అన్న మాట గుర్తుపెట్టుకోండి. జెఫర్సన్, మాడిసన్ తమ ఊళ్ళ మిలీషియాలో, అంటే స్థానిక పౌరుల దళంలో, పేరుకు కర్నల్స్. రీగన్ చూపు సరిగా ఆనక, రెండో ప్రపంచ యుద్ధమంతా కాలిఫోర్నియాలో సైన్యం కోసం శిక్షణ సినిమాలు తీసే యూనిట్‌లో గడిపాడు. లిండన్ జాన్సన్ సంగతి ఇంకా తమాషా. కాంగ్రెస్ సభ్యుడిగా ఉంటూనే నేవీ రిజర్వ్ యూనిఫాం వేసుకుని, 1942 జూన్ 9న న్యూగినీ మీదికి వెళ్ళే ఒక బాంబర్‌లో పరిశీలకుడిగా ఎక్కాడు. ఆ ఒక్క ప్రయాణానికి అక్కడి సేనాని జనరల్ మెకార్థర్ చేతి చలవతో సిల్వర్ స్టార్ పతకం వచ్చింది. అదే విమానం నడిపి, అందులో తుపాకులు పేల్చిన సిబ్బందికి ఏమీ రాలేదు. జాన్సన్ మాత్రం ఆ పతకం గుర్తును కోటుకు పెట్టుకుని తిరిగాడు. వీళ్ళందర్నీ, బ్రిటిష్ సేన లొంగిపోయిన యార్క్‌టౌన్ దాకా యుద్ధం నడిపిన వాషింగ్టన్‌నీ ఒకే పట్టీలో వేస్తే వచ్చే అంకె 31.

జనరల్ హోదా ఉన్నవాళ్ళు పన్నెండు మంది. వాళ్ళలో టేలర్, గ్రాంట్, ఐసన్‌హోవర్‌లు అధ్యక్షులు కాకముందు ఏ ఎన్నికలోనూ గెలిచి పదవి చేసినవాళ్ళు కారు. ఆర్మీ ఆఫీసర్లను తయారుచేసే వెస్ట్ పాయింట్‌లో చదివినవాళ్ళు గ్రాంట్, ఐసన్‌హోవర్ ఇద్దరే. నేవల్ అకాడమీ నుంచి వచ్చింది కార్టర్ ఒక్కడు. సైన్యంలో చేసి కూడా ఆఫీసర్ కానివాడు బుకానన్ ఒక్కడే. నేవీ శాఖ కిందే ఉండే పోరాట దళం మెరీన్ కోర్ నుంచి ఇంతవరకు అధ్యక్షుడు రాలేదు. మన ఉషా చిలుకూరి భర్త జె.డి. వాన్స్ మెరీన్‌గా 2005లో ఇరాక్ వెళ్ళివచ్చిన మనిషే గాని, ఆయనది ఉపాధ్యక్ష పదవి.

ఇంతవరకు ఏ గైడ్‌లోనైనా దొరుకుతుంది. అసలు చూడాల్సింది వీళ్ళు ఏ కాలంలో గుంపుగా వచ్చారు, ఏ కాలంలో మాయమయ్యారు అన్నది. నాకు అర్థమైనంతలో అమెరికా ఓటరు సిపాయికి ఓటేయడు. ఆ సిపాయి చేసిన యుద్ధానికి వేస్తాడు. జనం గర్వంగా చెప్పుకునే యుద్ధమైతే అందులోంచి అధ్యక్షులు వరసపెట్టి వస్తారు. మాట్లాడుకోవడానికే ఇష్టపడని యుద్ధమైతే ఎంత వీరుడైనా గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

మొదటి గుంపు ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం నుంచి వచ్చింది. 1868 నుంచి 1900 దాకా గెలిచినవాళ్ళను చూడండి. గ్రాంట్, హేస్, గార్‌ఫీల్డ్, బెంజమిన్ హారిసన్, మెకిన్లీ. అందరూ ఉత్తరాది సైన్యపు ఆఫీసర్లే. గార్‌ఫీల్డ్ హత్య తరవాత ఆ కుర్చీలోకి వచ్చిన ఆర్థర్ కూడా న్యూయార్క్‌లో సైన్యానికి సరుకులు, బసలు చూసిన జనరల్. "తుపాకీ ఎటు పేల్చావో ఓటూ అటే వెయ్యి" అన్నది అప్పటి రిపబ్లికన్ల నినాదం.

మా అబ్బాయి ఒకసారి మేరీలాండ్‌లోని ఆంటీటం యుద్ధభూమికి తీసుకెళ్ళాడు. 1862 సెప్టెంబర్ 17న ఒక్క రోజులో రెండు పక్షాలా కలిపి సుమారు 23 వేల మంది చనిపోవడమో, గాయపడడమో, కనిపించకుండా పోవడమో జరిగిన చోటు. ఇప్పుడు చూస్తే మొక్కజొన్న చేలు, ఒక చిన్న వాగు, దాని మీద రాతి వంతెన. ఆ వంతెనకు దగ్గర్లో ఒక ఎత్తైన రాతి స్మారకం ఉంది. జనరల్‌దేమో అనుకుని దగ్గరికెళ్ళి చూస్తే, ఒక కుర్రాడు సిపాయికి కాఫీ అందిస్తున్న బొమ్మ చెక్కి ఉంది. ఆ కుర్రాడు విలియం మెకిన్లీ. అప్పుడతనికి 19 ఏళ్ళు, 23వ ఒహాయో పటాలంలో తిండి సరఫరా చూసే సార్జెంట్. పొద్దున్నుంచి ఏమీ తినకుండా పోరాడుతున్నవాళ్ళ దగ్గరికి, గుళ్ళు పడుతుండగానే కంచరగాడిదల బండి తోలుకుంటూ వేడి కాఫీ, భోజనం పట్టుకెళ్ళాడు. ఆ పటాలంలో పై అధికారి రూథర్‌ఫర్డ్ హేస్ మూడు రోజుల ముందే ఇంకో చోట ఎడమ చేతికి గుండు తగిలి మంచాన ఉన్నాడు. సంగతి విని, ఆ కుర్రాణ్ణి ఆఫీసర్ చెయ్యమని సిఫారసు చేశాడు. హేస్ 1877లో, మెకిన్లీ 1897లో అధ్యక్షులయ్యారు. ఒకే పటాలం నుంచి ఇద్దరు! మెకిన్లీ హత్యకు గురైన రెండేళ్ళకు, 1903లో ఆ రాయి నిలబెట్టారు. కాఫీ పోసినందుకు యుద్ధభూమిలో స్మారకం అంటే మొదట నవ్వొచ్చింది నాకు. నాలుగడుగులు వేసి ఆ వాగు గట్టు ఎంత బయలో చూశాక నవ్వు ఆగిపోయింది.

ఆ వరసలో తేడా పడ్డది క్లీవ్‌లాండ్ ఒక్కడే. 1863 నాటి చట్టం ప్రకారం సైన్యంలోకి పిలుపు వస్తే 300 డాలర్లు కట్టేయొచ్చు, లేదా తన బదులు ఇంకో మనిషిని పంపొచ్చు. తల్లినీ చెల్లెళ్ళనూ పోషించాల్సిన క్లీవ్‌లాండ్ 150 డాలర్లిచ్చి, పోలండ్ నుంచి వలసొచ్చిన ఒకతన్ని పంపాడు. తరవాత దీన్ని ప్రత్యర్థులు బాగానే వాడుకున్నారు. కానీ 1884లో ఆయన మీద పోటీ చేసిన బ్లెయిన్ కూడా బదులు మనిషిని పంపినవాడే కావడంతో ఆ దెబ్బ గట్టిగా తగల్లేదు.

ఆ తరం అయిపోయాక థియొడోర్ రూజ్‌వెల్ట్ ఒక్కడు మెరిశాడు. నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శి ఉద్యోగం వదిలేసి, 1898 జులై 1న క్యూబాలో కొండ మీదికి గుర్రమెక్కి దూసుకెళ్ళిన మనిషి. ఆ కొద్ది నెలలకే న్యూయార్క్ గవర్నర్. దానికి దేశపు అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ మాత్రం చనిపోయిన ఎనభై ఏళ్ళ పైన, 2001లో వచ్చింది. ఆ పతకం ఉన్న అధ్యక్షుడు ఆయనొక్కడే.

మొదటి ప్రపంచ యుద్ధంలో నిజంగా పోరాడి అధ్యక్షుడైంది ట్రూమన్ ఒక్కడు. ఈయన కథ నాకు చాలా ఇష్టం. 33 ఏళ్ళ రైతు, కళ్ళజోడు లేకపోతే చేయి కూడా కనపడదు. కంటి పరీక్ష గట్టెక్కడానికి చార్టులో అక్షరాలు బట్టీ పట్టేశాడని చెబుతారు. ఫ్రాన్స్‌లో 129వ ఫిరంగి దళంలో డి బ్యాటరీకి కెప్టెన్‌ని చేశారు. అంతకుముందు వచ్చిన ఆఫీసర్లను ఏడిపించి పంపించిన అల్లరి మూక అది. 1918 ఆగస్టులో ఒక రాత్రి జర్మన్ గుళ్ళు పడగానే వాళ్ళు పరుగు లంకించుకున్నారు. గుర్రం మీంచి పడి లేచిన ట్రూమన్ అక్కడే నిలబడి, తనకొచ్చిన బూతులన్నీ లంకించుకున్నాడు. ఆ నోట అలాంటి మాటలు ఎన్నడూ వినని కుర్రాళ్ళు బిత్తరపోయి వెనక్కి తిరిగొచ్చారు. యుద్ధమయ్యాక పెట్టిన బట్టల కొట్టు దివాలా తీసింది గాని, ఆ దళంలో దొరికిన స్నేహాలు మాత్రం పోలేదు. కాన్సస్ సిటీ రాజకీయాలను గుప్పిట్లో పెట్టుకున్న పెండర్‌గాస్ట్ కుటుంబపు కుర్రాడు అదే రెజిమెంట్‌లో పనిచేశాడు. ట్రూమన్ రాజకీయ ప్రవేశం ఆ దారినే. 1949 ప్రమాణ స్వీకారం ఊరేగింపులో అధ్యక్షుడి కారుకు రెండు పక్కలా నడిచింది, జుట్టు నెరిసిన ఆ డి బ్యాటరీ వాళ్ళే.

అసలు పెద్ద గుంపు రెండో ప్రపంచ యుద్ధానిది. 13 కోట్ల జనాభాలో కోటీ అరవై లక్షల మంది యూనిఫాం వేశారు. ఊళ్ళో ఉండిపోయిన ఆరోగ్యవంతుడైన కుర్రాణ్ణి జనం వింతగా చూసిన కాలం. దాంతో 1945 నుంచి 1993 జనవరి దాకా, ట్రూమన్ నుంచి పెద్ద బుష్ వరకు, వరసగా తొమ్మిది మంది అధ్యక్షులూ సైనిక సేవ ఉన్నవాళ్ళే.

అందులో కెనడీది అందరికీ తెలిసిన కథ. 1943 ఆగస్టు 2 చీకట్లో సాలమన్ దీవుల దగ్గర ఆయన చెక్క పడవను, అదే పీటీ-109ను, జపాన్ డిస్ట్రాయర్ రెండు ముక్కలు చేసింది. పదమూడు మందిలో ఇద్దరు పోయారు. కాలిన గాయాలతో ఉన్న ఒకతని లైఫ్ జాకెట్ పట్టీని పళ్ళతో కరిచి పట్టుకుని, నడుం నొప్పి ఉన్న కెనడీ గంటల తరబడి ఈది అతన్ని దీవికి చేర్చాడు. కొబ్బరికాయ మీద కత్తితో చెక్కిన కబురును ఇద్దరు స్థానిక యువకులు చేరవేస్తేనే సాయం వచ్చింది. ఆ చిప్ప తరవాత వైట్ హౌస్‌లో ఆయన బల్ల మీద ఉండేది. 1960 ప్రచారంలో పీటీ-109 ఆకారంలో టై పిన్నులు పంచారు. వీరుడెలా అయ్యారని ఒక పిల్లాడు అడిగితే మాత్రం "నా ప్రమేయం లేదు, వాళ్ళు నా పడవ ముంచేశారు" అన్నాడు.

పెద్ద బుష్ తన 18వ పుట్టినరోజు నాడే నేవీలో చేరాడు. 58 సార్లు యుద్ధ విమానంలో ఎగిరాడు. 1944 సెప్టెంబర్ 2న చిచిజిమా దీవి మీద విమానానికి మంటలంటుకున్నా బాంబులు వేసేసి, సముద్రంలోకి దూకాడు. కొన్ని గంటల తరవాత జలాంతర్గామి వచ్చి తీసుకెళ్ళింది. వెంట ఉన్న ఇద్దరూ బతకలేదు. అలాంటి మనిషి, పైగా 1991లో గల్ఫ్ యుద్ధం గెలిచి గాలప్ సర్వేలో 89 శాతం మెప్పు పొందిన మనిషి, మరుసటి ఏడాదే క్లింటన్ చేతిలో ఓడిపోయాడు. క్లింటన్ సైన్యంలో ఒక్క రోజు చేయలేదు.

వియత్నాం దగ్గరకొచ్చేసరికి లెక్క తిరగబడింది. 1969 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో, సైన్యంలోకి ముందు ఎవర్ని పిలవాలో లాటరీ తీయడానికి, ఒక గాజు జాడీలో 366 నీలం ప్లాస్టిక్ గొట్టాలు పోశారు, ఒక్కోదాంట్లో ఒక పుట్టిన తేదీ చీటీ. టీవీ ముందు కూర్చున్న కుటుంబాల టెన్షన్ ఊహించుకోండి. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. ఆ తేదీన పుట్టిన కుర్రాళ్ళు ముందుగా వెళ్ళాలి. క్లింటన్ పుట్టిన ఆగస్టు 19కి 311వ నంబరు పడింది, పిలుపు రాలేదు. ట్రంప్‌కి చదువు పేరుతో నాలుగు వాయిదాలు, ఆపైన మడమ ఎముకల కారణంగా మినహాయింపు. బైడెన్‌కి చదువు వాయిదాలు ఐదు, తరవాత ఆస్తమా. చిన్న బుష్ టెక్సాస్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో ఫైటర్లు నడిపాడు, వియత్నాం వెళ్ళలేదు.

మరి వెళ్ళినవాళ్ళు? అల్ గోర్ అక్కడ ఆర్మీ విలేకరిగా చేసి వచ్చాడు, 2000లో ఓడాడు. జాన్ కెర్రీకి సిల్వర్ స్టార్, యుద్ధంలో గాయపడితే ఇచ్చే పర్పుల్ హార్ట్‌లు మూడు. 2004లో ఆ పతకాల మీదే ప్రత్యర్థులు ప్రకటనలు గుప్పించారు, ఓడాడు. మెకెయిన్ హనోయ్‌లో ఐదున్నరేళ్ళు బందీగా ఉన్నాడు, 2008లో ఓడాడు. వియత్నాంలో పనిచేసినవాళ్ళలో ఒక్కరూ అధ్యక్షులు కాలేదు. వాళ్ళలో లోపమేమీ నాకు కనపడదు. ఆ యుద్ధం గురించి ఇంట్లో తండ్రీకొడుకులే ఒక మాట మీద లేరు, ఇక దాని పేరు చెప్పి ఓటెలా అడుగుతారు?

1973లో నిర్బంధంగా పిలవడం ఆపేశారు. అప్పటినుంచి ఇష్టమున్నవాళ్ళే చేరే సైన్యం. ఒబామా ఆ తరం మనిషి, ఆయన్ని పిలిచే ప్రసక్తే రాలేదు. 2012లో ఒబామా, రామ్నీ ఇద్దరికీ సైనిక సేవ లేదు. పెద్ద పార్టీల అభ్యర్థులిద్దరూ అలా ఉండడం 1944 తరవాత అదే మొదలు.

ఇక మెరుగ్గా పాలించారా అన్న ప్రశ్న. సూటిగా చెప్పాలంటే సంబంధం లేదు. 1861లో రెండు పక్షాల అధినేతలనూ పక్కపక్కన పెట్టి చూడండి. దక్షిణాది నాయకుడు జెఫర్సన్ డేవిస్ వెస్ట్ పాయింట్ పట్టభద్రుడు, మెక్సికో యుద్ధంలో గాయపడిన వీరుడు, పైగా మాజీ యుద్ధ మంత్రి. ఇటు లింకన్ 1832లో కొన్ని వారాలు ఇల్లినాయ్ మిలీషియాలో చేసినవాడు. అదీ ఎలాగంటే, తన కంపెనీని సన్నటి గేటులోంచి దాటించడానికి ఏ ఆర్డరివ్వాలో గుర్తురాక, "రెండు నిమిషాలు సెలవు, గేటు అవతల మళ్ళీ వరసలో నిలబడండి" అన్నాడని ఆయనే చెప్పుకునేవాడు. దోమలతో మాత్రం హోరాహోరీగా పోరాడానని కాంగ్రెస్‌లోనే తన మీద తాను జోకేసుకున్నాడు. గెలిచిందెవరో మీకు తెలుసు. ఆయనకు ముందు దేశం చీలిపోతుంటే చేతులు కట్టుకు కూర్చున్న బుకానన్ స్వచ్ఛందంగా సైన్యంలో చేరినవాడు. రెండో ప్రపంచ యుద్ధాన్ని దాదాపు చివరిదాకా నడిపిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ యూనిఫామే వేయలేదు. మహా సేనాని గ్రాంట్ హయాం అవినీతి కుంభకోణాలతో మసకబారింది, నల్లవాళ్ళ మీద దాడులు చేసే తెల్లవాళ్ళ ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను అణచడంలో ఆయన చూపిన గట్టితనాన్ని మాత్రం మన పుస్తకాలు తక్కువ చేస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం అనుభవం కొందరికి పనికొచ్చిందనిపిస్తుంది. జనరల్స్ చెప్పిందల్లా వేదం కాదని వాళ్ళకు ముందే తెలుసు. ఫిరంగి దళం కెప్టెన్ ట్రూమన్, 1951 ఏప్రిల్‌లో ఐదు నక్షత్రాల మెకార్థర్‌ను పదవి నుంచి తీసేశాడు. 1962 అక్టోబర్‌లో క్యూబా మీద బాంబులు వేద్దామని సైన్యాధిపతులు పట్టుబడితే, ఒకప్పటి ఆ చిన్న పడవ లెఫ్టినెంట్ నౌకా దిగ్బంధంతో సరిపెట్టాడు. ఐసన్‌హోవర్ కొరియా యుద్ధాన్ని 1953లో ఆపించాడు. 1961 జనవరి 17న దిగిపోతూ, సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసి పెంచుకుంటున్న పలుకుబడి గురించి దేశాన్ని హెచ్చరించాడు. ఆ మాట ఒక ప్రొఫెసర్ అంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. అయితే సిల్వర్ స్టార్ జాన్సన్ వియత్నాంలో కూరుకుపోయాడు. జలాంతర్గాముల ఇంజనీర్ కార్టర్ 1980లో టెహ్రాన్‌లో బందీలైన అమెరికన్లను విడిపించబోతే, ఎడారిలో ఎనిమిది మంది సైనికులు పోవడమే మిగిలింది. కాబట్టి దీన్ని సూత్రంగా రాసుకోకండి.

చివరిగా సెల్యూట్. అధ్యక్షుడు పౌరుడు కాబట్టి సైనికుడు సెల్యూట్ చేస్తే తిరిగి చేయాల్సిన పని లేదు, అలాంటి నిబంధనా లేదు. జీవితమంతా సెల్యూట్లలో గడిపిన ఐసన్‌హోవరే అధ్యక్షుడయ్యాక ఆ అలవాటు పక్కన పెట్టాడు. దాన్ని మామూలు ఆనవాయితీగా మార్చింది 1981లో రీగన్. చేయొచ్చా అని మెరీన్ కోర్ అధిపతిని అడిగితే, మీరు కమాండర్ ఇన్ చీఫ్, ఎవరికి కావాలంటే వాళ్ళకు చేయొచ్చు అన్నాడట. ఆ తరవాత వచ్చినవాళ్ళకు మానేస్తే తప్పుపడతారేమోనన్న భయం పట్టుకుంది. మొదట్లో క్లింటన్ సెల్యూట్ సరిగా లేదని వెక్కిరించారు. 2014 సెప్టెంబర్‌లో ఒబామా న్యూయార్క్‌లో హెలికాప్టర్ దిగుతూ, చేతిలో ఉన్న పేపర్ కప్పుతోనే మెరీన్లకు సెల్యూట్ చేశాడు. ఆ వీడియో మీద టీవీల్లో రోజుల తరబడి గొడవ నడిచింది.